చేపలు బాగనే ఉన్నయ్, రొయ్యలే పోతున్నయ్

"పెద్దనాన్నా, మల్ల రెండు పోయినయ్" అని తమ్ముని కొడుకు ఖిల్లా ఘణపూర్ నుంచి ఫొటో పెట్టిండు.

అక్వేరియం అడుగున చెర్రీ రొయ్యలు, పక్కకు ఒరిగి, పాలిపోయి.
అదే నీళ్లల్ల గప్పీలు మాత్రం మస్తుగ తిరుగుతున్నయ్!

వాడి అనుమానమంతా బోరు నీళ్ల మీద.
నేనడిగింది ఒక్కటే: "రాత్రి దోమల స్ప్రే కొడ్తరా?"
"రోజూ కొడ్తం."
"గాలి పంపు ఏ రూముల ఉంది?"
వాడు సప్పుడు చెయ్యలే.

ఆ పంపు రూముల గాలినే గుంజి నీళ్లల్ల బుడగలు చేస్తది. స్ప్రేల ఉండే పైరిత్రాయిడ్లు పురుగుల నరాల మీద పనిచేసే మందు. రొయ్య పురుగుకు దగ్గరి చుట్టం. చేపకు ఏం కానంత తక్కువ మోతాదు కూడ దానికి ఎక్కువే. చేపలకేసే రాగి మందులతోటీ ఇదే తిప్పలు.

స్ప్రే బందు పెట్టి, నీళ్లు కొంచెం కొంచెం మార్చుమన్న. సూడాలె.

అప్పటిసంది నాకు అక్కడి గణపసముద్రం చెరువే యాదికొస్తుంది. పైన చేన్లల్ల కొట్టే మందుల్ల గూడ ఇసొంటియే ఉంటయ్. వానకు కొట్టుకొచ్చేది చెరువుకే గద?

వలేసేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, మీ చెరువుల్ల సన్నరొయ్యలు ఇంక పడుతున్నయా?