వాల్వు సెట్టును పలికించుట

నెల్లూరు నుండి పడమరగా బొంబాయి రహదారి మీద పోవువారికి పెన్నా యొడ్డున సంగము గ్రామము కనిపించును. ఏరులు కలియు చోటగుటచే దానికా పేరు వచ్చినది. కామాక్షీ సమేతుడైన సంగమేశ్వరస్వామి యచట వెలసియున్నాడు. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ యూరి చెంత పెన్నకు అడ్డముగ ఆనకట్ట కట్టిరి. 2022వ సంవత్సరము సెప్టెంబరు నెలలో నూతనమైన బ్యారేజి ప్రారంభింపబడినది. ఇచటి నుండి కాలువలో పారిన నీరు కనిగిరి రిజర్వాయరును నింపి, నెల్లూరు మాగాణులను పచ్చగ నుంచుచున్నది. కాలువ తలవద్ద ఒక మనిషి నిలిచి షట్టరు చక్రమును త్రిప్పును. ఆతని చేతి బలమెంత? కాని షట్టరు జానెడు లేచినచో వేల యెకరములకు పోవు నీరు కదలును. వాల్వు అను ఆంగ్ల పదమునకు అర్థము కూడ నట్టి తలుపే. పాత మైకు సెట్టులోని గాజు బుడ్డిలో జరుగు పని యీ కాలువ తలవద్ద జరుగు పనికి భిన్నమైనది కాదు.

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు గాలి తీసివేసిన గాజు బుడ్డిలో విద్యుత్తు ఒకే దిక్కునకు ప్రవహించునట్లు చేసెను. రెండు మూడేండ్లలోనే అమెరికాలో లీ డి ఫారెస్టు అను నాతడు ఆ దారి నడుమ సన్నని తీగల జల్లెడ నొకదానిని చేర్చెను. బుడ్డి నడుమ కాగుచున్న కేథోడు నుండి ఎలక్ట్రానులు ప్లేటు వైపు పరుగిడును. దారిలోనున్న జల్లెడయే షట్టరు. మైకు నుండి వచ్చు బలహీనమైన సంకేతము ఆ జల్లెడకు చేరగానే, దాని యూపునకు అనుగుణముగా ప్లేటునకు పోవు ప్రవాహము హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ పెద్ద ప్రవాహమే తుదకు స్పీకరును కదలించును.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినప్పుడు తెలుగువారు దాని పలుకు విన్నది వాల్వు రేడియోలలోనే. హరికథ, బుర్రకథ, పద్యనాటకము, పెండ్లి, తిరునాళ్ళు—వీనిలో దేనికైనను వాల్వు మైకు సెట్టు రావలసినదే. దానిని వేసిన వెంటనే పలుకదు. బుడ్లు ఎర్రబడు వరకు అర నిమిషమైన నాగవలెను. ఆ లోపల పిల్లలందరు దాని చుట్టు మూగెడివారు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమముగ మన పల్లెలకును వచ్చెను. అది తేలిక, చౌక, వేడెక్కదు, క్రింద పడినను పగులదు. వాల్వు సెట్లు ఒక్కొక్కటిగా అటకలెక్కెను.

అట్టి సెట్టొకటి సంగములో ఒక వృద్ధుని యింట నుండెను. ఆయన యౌవనమున ఊరూరికి పోయి మైకులు కట్టినవాడు. నెల్లూరిలో చదువుచున్న ఆయన మనుమనికి గిటారనిన ప్రాణము. పాత ఇనుము కొనువాడు సెట్టును తూచి వెల చెప్పగా ముసలాయన సరేయనెను. సెలవులకు వచ్చిన మనుమడు తరాజు నుండి దానిని దింపించెను. గిటారు వాయించువారు లోకమంతట ఇట్టి పాత సెట్ల కొరకే వెదకుచున్నారని ఆతడు వినియుండెను.

"తాతా, దీనిని మరల పలికింపవచ్చును" అనెను.

"పలికించుటకు ముందు అది నిన్ను చంపకుండ చూడవలెను నాయనా" అని వృద్ధుడు దానిని తన మంచము ప్రక్కకు లాగుకొనెను.

ఆ మాట హాస్యమునకు అన్నది కాదు. వాల్వు ప్లేటునకు మూడు వందలు, నాలుగు వందల వోల్టుల విద్యుత్తు అవసరము. గోడనుండి తీగ పీకివేసినను, లోపలి పెద్ద కండెన్సర్లు ఆ విద్యుత్తును చాలసేపు దాచియుంచును. ఆగియున్న సెట్టు చచ్చిన పామువలె కనిపించును. కాని విషము దిగదు. ఎరిగిన మెకానిక్కులు మొదట ఒక రెసిస్టరు ద్వారా కండెన్సర్లలోని విద్యుత్తును దింపి, మీటరుతో చూచి, పిదప చేయి పెట్టుదురు. అప్పుడును ఎడమ చేతిని జేబులో నుంచుకొందురు. విద్యుత్తు ఒక చేత ప్రవేశించి రెండవ చేత పోయినచో గుండె మీదుగా పోవును గదా! ముసలాయన మనుమనిని మూత విప్పనీయలేదు. పాత కండెన్సర్లు ఎండిపోయి యుండుటచే నెల్లూరిలో తెలిసిన పనివానిచేత క్రొత్తవి వేయించెను. రెండు పిన్నుల పాత ప్లగ్గును తీయించి, ఎర్తు తీగతో మూడు పిన్నులది పెట్టించెను. ఇంత చేసిన తరువాతనే గిటారు తీగ సెట్టునంటెను.

వచ్చిన ధ్వని మాత్రము విన శక్యము కాలేదు. తగరపు డబ్బాపై చీపురుతో గీసినట్లుండెను. మనుమని ముఖము చిన్నబోయెను.

దీనికి కారణములు రెండు. సెట్టునకు తగిలించినది తిరునాళ్ళనాటి బాకా గొట్టము. దూరమున నున్నవారికి మాట స్పష్టముగ వినిపించుటకై చేసిన సాధనమది. మంద్రస్వరములు దానిలో పలుకవు. గిటారునకు పది లేక పన్నెండు అంగుళముల కాగితపు శంకువు గల స్పీకరు కావలెను. అది మంద్రమును నిలుపును. చెవిని పొడుచు అతితారధ్వనులను తనంతట తానే వడపోయును. రెండవ కారణము, కుఱ్ఱవాడు గ్రామఫోను రంధ్రములో తీగ గ్రుచ్చుట. గ్రామఫోను సంకేతము బలమైనది గనుక ఆ దారిలో పెంపు తక్కువ. మైకు రంధ్రములో పెట్టగానే వాల్వులు మేలుకొన్నవి. సెట్టు వెనుక నాలుగు, ఎనిమిది, పదునారు ఓములకు వేరువేరు మరలును, దూరపు బాకాలకై నూరు వోల్టుల మర యొకటియు నుండును. స్పీకరు ఎనిమిది ఓములదైనచో తీగ నెనిమిది మీదనే బిగింపవలెను. అసలు స్పీకరే లేకుండ వాల్వు సెట్టును నడిపినచో, పోవుటకు దారిలేని శక్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కాల్చివేయవచ్చును. అది పోయినచో సెట్టు పోయినట్లే.

వీణకు పనసకొయ్య కుండ యెట్టిదో విద్యుత్ గిటారునకు ఆంప్లిఫయరు అట్టిది. కుండ లేని తంతి వినిపించునా? గిటారు తంతుల క్రింద అయస్కాంతమును, దానిపై చుట్టిన తీగయు నుండును. తంతి కదలగా ఆ తీగలో పుట్టు సంకేతమునకు తనదైన నాదము లేదు. దానికి శరీరము నిచ్చునది వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు—ఈ మూడే. కావుననే ఒకే గిటారు ఒక సెట్టులో కోయిలగను, మరియొక దానిలో కాకిగను వినిపించును.

మన తెలుగువారిలో నీ సంగతిని బాగుగ నెరిగినవాడు పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. పాశ్చాత్య మాండలినునకు నాలుగు జంటల తంతులు. దాని ధ్వని పుట్టినంతలో ఆరిపోవును. మన గమకములకు స్వరము నిలువవలెను గదా! ఆయన విద్యుత్ మాండలినును గ్రహించి, జంటలను విడదీసి ఒంటి తంతులుంచి, ఐదవ తంతిని చేర్చి వాయించెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరీ చేసినప్పుడు ఆయనకు తొమ్మిదేండ్లు. 2014లో మరణించు నాటికి ఆ వాద్యము కర్ణాటక సంగీతములో స్థిరమైన స్థానము పొందినది. స్పీకరునుండి వచ్చు ధ్వనిని వీణా నాదమువలె మలచినది ఆయన చేతివ్రేళ్ళు.

ఇక వాల్వులోని మాధుర్యమేమో చూడవలెను. కాలువ పట్టగలిగినంతకు మించి నీరు వదలినచో గట్టు పొర్లును. వాల్వుకును అట్లే ఒక మేర గలదు. ధ్వని తరంగము ఆ మేరను దాటబోయినప్పుడు దాని శిఖరము అణగి గుండ్రబడును. అణగిన తరంగములో మూలస్వరముతో పాటు క్రొత్త స్వరములు పుట్టును. రెండింతల కంపనము తారషడ్జము, మూడింతలది దానిపై పంచమము, ఐదింతలది గాంధారము. మంచి తంబురా శ్రుతిలో ఎవరు మీటకయే గాంధారము వినిపించుట సంగీతజ్ఞులు ఎరుగుదురు. స్వయంభూ గాంధారమని దానికి పేరు. తంబురా గుర్రము మీద తంతి క్రింద సన్నని దారమునుంచి వారు తెచ్చు నిండుదనమును వాల్వు తన యలసటలో ఇచ్చుచున్నది. సాధారణమైన ట్రాన్సిస్టరు సెట్టు మేర వచ్చు వరకు నిక్కచ్చిగ నుండి, అట కత్తితో కోసినట్లు శిఖరమును తెగగోయును. అప్పుడు పుట్టు పై స్వరములు మూలముతో కలియక గరగరలాడును. అట్లని వాల్వుదే ధ్వని, తక్కినవన్నియు రొదయనుట భక్తుల మాట. పాట యున్నది యున్నట్లు వినుటకు నేటి సెట్లే మేలు. గిటారు సంగతి వేరు; అచట సెట్టు వాద్యములో భాగము.

ఈ రహస్యమును మొదట ఎవరును కోరి కనుగొనలేదు. అమెరికాలో ఫుల్లర్టను పట్టణమున రేడియోలు బాగుచేయు లియో ఫెండరు 1946లో తన పేర సంస్థ స్థాపించి గిటార్లను, ఆంప్లిఫయర్లను చేసెను. ఆయనకు గిటారు వాయించుట రాదు! స్వచ్ఛమైన ధ్వనియే ఆయన కోరినది. వాయించువారు మాత్రము నాబులను తుదివరకు త్రిప్పి, సెట్టు అలసిన చోటనే ఆనందించిరి. లండనులో డోళ్ళ దుకాణము నడుపుచున్న జిమ్ మార్షలు 1962లో ఫెండరు చేసిన బాస్‌మాన్ అను సెట్టును చూచి తన మొదటి ఆంప్లిఫయరును తయారు చేయించెను. వాక్స్ అను ఇంగ్లీషు సంస్థ ఇఎల్84 అను చిన్న వాల్వులతోనే పేరొందెను. సంగములోని సెట్టులో నున్నవియు నా రకము వాల్వులే; అవి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారములో తయారైనవి.

మనుమడు మొదట అందరు యువకులు చేయునదే చేసెను. నాబులన్నిటిని చివరకు త్రిప్పెను. ఆరు తంతులను ఒక్కమారు మీటగా బురదవంటి ధ్వని వచ్చెను. సెట్టు అలసియున్నప్పుడు స్వరములు ఒకదానితో నొకటి కలసి, అడుగని స్వరములను కూడ పుట్టించును. అప్పుడు రెండు మూడు తంతులకు మించి మీటరాదు. ప్రక్క యింటివారు తలుపులు మూసికొనిరి. ముసలాయన లేచి ఏమియు ననక టోను నాబును సగమునకు తెచ్చెను. గోడకానించి నేలపై నుంచిన స్పీకరును ముక్కాలిపీట మీదికెత్తి గోడనుండి జరిపెను. మూలలోని స్పీకరు మంద్రమును ఉబ్బించునని ఆయన పుస్తకములలో చదువలేదు. నలుబదియేండ్లు పందిళ్ళలో నేర్చెను. పిదప సెట్టు వాల్యూమును వెనుకకు త్రిప్పుచు, ఒకచోట ఆగి, "ఇప్పుడు మెల్లగ మీటుము. ఇప్పుడు గట్టిగ మీటుము" అనెను.

మెల్లగ మీటినప్పుడు స్వరము గంటవలె తేటగ నుండెను. గట్టిగ మీటినప్పుడు అంచున సన్నని జీర కలిగి, పాడువాని గొంతు నిండినట్లు నిండెను. నాబును ముట్టకుండ వ్రేలి బలముతోనే ఆ రెంటి నడుమ రాకపోకలు సలుపవచ్చును. కుఱ్ఱవాడు గిటారు మీది చిన్న నాబును కొంత తగ్గించి చూచెను, జీర మాయమయ్యెను. హెచ్చించెను, తిరిగి వచ్చెను. ఆ సాయంకాలము ఆతడు ఒకే కీర్తన పల్లవిని ఎన్ని మారులు వాయించెనో లెక్కలేదు.

సెట్టు శక్తి పండ్రెండు వాట్లు మాత్రమే. యాబది వాట్లదైన బాగుండునని మనుమడనుకొనెను గాని, అది పొరపాటు. చెవికి ధ్వని రెండింతలుగ తోచవలెనన్నచో శక్తి సుమారు పదింతలు కావలెను. యాబది వాట్ల సెట్టు నాలుగు గోడల నడుమ అలసట చెందు వరకు పోదు. పోయినచో ఇంటిలో మనుష్యులుండలేరు. ఇంటిలో వాయించుకొనువానికి ఐదు వాట్లును చాలును. మితిమీరిన ధ్వనిని నిత్యము వినువారి చెవులు క్రమముగ మొద్దుబారును. పోయిన వినికిడి మరల రాదు. రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు వరకు బహిరంగముగ లౌడుస్పీకర్లు మ్రోగింపరాదని 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు చెప్పుచున్నవి. కాలమంతయు రాత్రి కచేరీలకే మైకులు కట్టిన ముసలాయనకు ఆ నియమము నచ్చదు. అయినను పది కొట్టగానే మీట ఆర్పించుచుండెను.

వాల్వులు శాశ్వతములు కావు. వాడుక కొలది కేథోడు పై పూత అరిగి ధ్వని మందగించును. శక్తి వాల్వులను మార్చునప్పుడు జంటను ఒక్కమారే మార్చుట మంచిది. నేడు గిటారు సెట్ల వాల్వులు ముఖ్యముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశములలో తయారగుచున్నవి. తెప్పించుట ఖర్చుతో కూడిన పని. సెలవులు ముగిసి నెల్లూరు పోవునాడు మనుమడు ఆ సంగతి యెత్తి చింతపడెను. ముసలాయన నిచ్చెన వేయించి అటక మీదనుండి ఒక బిస్కత్తు డబ్బాను దింపించెను. పాత వార్తాపత్రికలో చుట్టిన బెంగుళూరు వాల్వులు నాలుగు అందుండెను. రెండింటిని మనుమనికి చూపి, మరల చుట్టి, డబ్బాను తన మంచము క్రిందికి త్రోసికొనెను.