ముక్కు పూరేడు తోక

నా జువాలజీ ఫీల్డ్ నోట్‌బుక్కులో ఒక పేజీ నిండా ఎర్ర సిరా గీతలున్నాయి. అవి మాస్టారు పెట్టినవి కావు, నేనే కొట్టుకున్నవి.

2022 డిసెంబరులో, కొల్లేటి అంచున కైకలూరు దగ్గర మా ఊరి చేలల్లో పిట్టల లెక్క రాశాను. ముక్కు పూరేడంటే తెలుసు కదా! పొడవాటి ముక్కు బురదలో గుచ్చి పురుగుల్ని లాక్కు తింటుంది. మట్టిలో మట్టిలా పడుంటుంది. కాలు వేయబోయేసరికి గుడ్డ చింపినట్టు అరుస్తూ లేస్తుంది. అలా లేచినవి 41. అన్నిటికీ ‘కామన్ స్నైప్’ అని రాసేశాను. పేరులోనే ‘కామన్’ ఉంది, ఇంకేముంటుందిలే అని ధీమా. క్లాసులో మెచ్చుకోలు కూడా దక్కింది.

తాతయ్య మాత్రం, “ఒరేయ్, బోదె పక్క బురదలోది వంకర్లు తిరుగుతా పోద్ది. దుబ్బుల్లో లేచేది అంత తిరగదు, కాస్త దూరం పోయి వాలిపోద్ది. రెండూ ఒకటేంట్రా?” అన్నాడు. ఆయన ఏ పుస్తకం చదివాడని? నవ్వేశాను.

సంక్రాంతి సెలవుల్లో కరెంటు తీగ కింద, గట్టు మీద ఒకటి చచ్చిపడి ఉంది. తోక విప్పి చూశాను. మధ్య ఈకలు మామూలువే. రెండంచులా మాత్రం గుండుసూదుల్లాంటి సన్నటి, బిరుసు ఈకలు! మొత్తం 26. కామన్ స్నైప్‌కు సాధారణంగా ఉండేవి 14. ఇది సైబీరియా నుంచి వచ్చే పిన్‌టెయిల్ స్నైప్. శాస్త్రనామంలోని ‘స్టెన్యూరా’కు అర్థం కూడా సన్నతోకే. కామన్‌కు రెక్క వెనకంచున కనిపించే తెల్లచార దీనికి లేదు. రెక్క అడుగు నిండా ముదురు అడ్డచారలే. దక్షిణాదికి చలికాలంలో ఎక్కువగా వచ్చేది ఇదేనని ఆ తర్వాత గాని చదవలేదు.

మరి నా 41లో ఏవి ఏవి? ఎగిరిపోయినవాటి తోకలు ఎవరు లెక్కపెడతారు? తెల్లచార చూసినట్టు గట్టిగా గుర్తున్నవి 6. మిగతా 35 మీద గీత కొట్టి, ‘ఏదో తెలియదు’ అని రాసి, పట్టుకెళ్లి చూపించాను.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని, “మార్కులు తగ్గుతాయి, తెలుసా?” అన్నారు.

తెలుసన్నాను. తగ్గించారు కూడా!

మరుసటి ఏడు తాతయ్యనే వెంటబెట్టుకుని చేలోకి వెళ్లాను. పిట్ట లేవగానే ఆయన “ఇది దుబ్బులది” అనడం, నేను రెక్క అంచు చూడడం. 12 సార్లలో 2 సార్లు తప్పాడు. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.