ఆకుపచ్చ కవరు

ఒకరి పేర వచ్చిన యుత్తరమును మఱియొకరు విప్పి చదువుట మన యిండ్లలో పెద్ద తప్పుగా నెంచబడదు. నేనును మొన్నటివఱకు అట్లే తలచియుంటిని.

మా మఱది సైన్యములో నున్నాడు. ఫోనులో మాటలాడుచున్నను, మనసులోని మాటను ఉత్తరమున వ్రాయుట అతని యలవాటు. గడచిన మాసమున అతడు భార్యకు వ్రాసిన యుత్తరమును, పెద్దదాననను చనువుచే నేను విప్పి చదివితిని. అందలి యొక మాటను నలుగురిలో చెప్పి నవ్వితిని. నా తోడికోడలు నన్నేమియు ననలేదు. ఆ రాత్రి అన్నము మాత్రము ముట్టలేదు. ఇంటిలో ఆమెకు కష్టము కలిగినచో చెప్పుకొనవలసినది నాతోనే. ఆ కష్టము నావలననే కలిగినప్పుడు ఇంకెవరితో చెప్పుకొనును?

మావారు సంగతి గ్రహించి, నన్ను మందలింపక, చరిత్రలోని యొక వృత్తాంతము చెప్పిరి.

1914వ సంవత్సరమున ప్రారంభమైన మొదటి ప్రపంచయుద్ధములో, బ్రిటిషు సిపాయిలు ఇంటికి వ్రాయు నుత్తరములను వారి దళములోని యధికారులే చదివి, శత్రువునకు పనికివచ్చు మాటలను కొట్టివేయుచుండిరి. యుద్ధరహస్యము కాపాడవలసినదే. కాని ప్రతిదినము తనకు ఆజ్ఞలిచ్చు నధికారియే తాను భార్యకు వ్రాసిన మాటలు చదివెనని తెలిసిన సిపాయి ఆయన యెదుట ఎట్లు తలయెత్తును? ఈ సంకోచమును తగ్గించుటకును, అధికారుల శ్రమ తగ్గించుటకును 1915లో ఆకుపచ్చ కవరు వచ్చినది. అందు సొంత విషయములు, కుటుంబ విషయములు తప్ప వేఱేమియు లేవని సిపాయి తన గౌరవము సాక్షిగా సంతకము చేసినచో, దళములో నెవరును దానిని విప్పరు. వెనుకటి స్థావరమున, అతని మొగ మెఱుగనివారు మాత్రము విప్పి చూడవచ్చును. ఆ కవరులు అడిగినన్ని దొరకెడివి కావు.

ఫ్రాన్సులో పోరాడిన మన దేశపు సిపాయిల యుత్తరములను చదువుటకు ప్రత్యేకముగా నొక కార్యాలయమే యుండెను. అది యెఱిగిన కొందఱు భారతసైనికులను ‘నల్ల మిరియములు’ అనియు, తెల్లసైనికులను ‘ఎఱ్ఱ మిరపకాయలు’ అనియు మాటుగా వ్రాసికొనిరి. చదువురానివారు మఱియొకరిచే వ్రాయించుకొనిరి. ఊరిలో చదువురాని యిల్లాలికి ఆ యుత్తరమును వేఱొకరు చదివి వినిపింపవలసినదే. భార్యాభర్తల నడుమ ఎన్ని కన్నులు!

స్వతంత్రభారతమున 1950వ సంవత్సరపు సైనిక చట్టములోని 26వ విభాగము మఱియొక మేలు చేసినది. పై యధికారివలన తనకు అన్యాయము జరిగినదని తలచిన సిపాయి తన కంపెనీ యధికారికి మొఱపెట్టుకొనవచ్చును. ఆ యధికారిమీదనే మొఱయైనచో, ఆయనకు పైవానితో చెప్పుకొనవచ్చును. విన్నవాడు పూర్తిగా విచారింపవలెను.

ఇది విని నేను సిగ్గుపడితిని. ఆజ్ఞకు ఎదురులేని సైన్యములో నున్న మార్గము నా వంటయింటిలో లేకపోయినది. మఱునాడు తోడికోడలి యొద్దకు పోయి, తప్పు నాదేయంటిని. ఆమె చాల సేపటికి, “అక్కయ్యా, చదివినది పరాయివారైనచో మఱచిపోయియుందును. మీ మొగము దినము చూడవలెను గదా!” అనెను.

ఆనాటినుండి ఆమె యుత్తరములు తపాలా జవాను చేతినుండి ఆమె చేతికే పోవుచున్నవి. నామీద మొఱ యున్నచో అత్తగారు వినవలెనని మే మేర్పఱచుకొంటిమి. నిన్న మఱల ఉత్తరము వచ్చినది. ఆమె చదివికొని నవ్వినది. ఎందులకని నే నడుగలేదు.