పూల చొక్కా

పిల్లలూ, పెద్ద పెద్ద పూలున్న చొక్కా తొడుక్కున్నవాణ్ణి చూస్తే నాకు చిన్నప్పుడు నవ్వొచ్చేది. సెలవుల్లో షికారు కొచ్చినవాళ్ళ వేషం అనుకునేవాణ్ణి. దాని కథ తెలిశాక ఆ నవ్వు పోయింది.

పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి. 1930 తరవాతి సంవత్సరాల్లో, అక్కడి హొనలూలూ పట్నంలో ఎలరీ చన్ అనే ఆయనకు బట్టల కొట్టుండేది. ఆయన జపానువారి కిమోనోల గుడ్డ మిగిలితే, దానితో పొట్టి చేతుల చొక్కాలు కుట్టించి అమ్మకానికి పెట్టాడు. వాటికే 'అలోహా చొక్కా' అని పేరు వచ్చింది. అలోహా అంటే ప్రేమ. అక్కడివారి పలకరింపూ అదే, వీడ్కోలూ అదే. తరవాత ఆయన సోదరి కొబ్బరిచెట్లూ, అనాసపళ్ళూ, చేపలూ బొమ్మలు వేసి ఇచ్చింది. సెలవులకు ఓడల్లో వచ్చినవాళ్ళు వాటిని సరదాగా కొనుక్కుపోయారు.

వాళ్ళు ఇంటికి పోయి చొక్కాను పెట్టెలో పడేస్తారు. మరి దీవులవాళ్ళో? అంత ఎండలోనూ కోటు వేసుకుని, టై కట్టుకుని ఆఫీసులకు పోవలసివచ్చేది! 1947లో 'అలోహా వారం' ఉత్సవం మొదలయింది. ఆ వారమంతా ఈ చొక్కాతో పనికి రానిచ్చారు. 1966 నుంచి శుక్రవారాలు కూడా కలిశాయి. నేడు అక్కడ ఆఫీసుకైనా, పెళ్ళికైనా అదే మర్యాదగల దుస్తు.

చూశారా! మనకు వేషంగా కనిపించింది వాళ్ళకు హాయిగా పనిచేసుకునే బట్ట. ఈ సెలవుల్లో పూల చొక్కా కనబడితే మీరు నవ్వకండి, నచ్చితే తొడుక్కోండి.