ఉత్తరం వైపు పాలగది

మే నెలలో కూడా ఆ గదిలో వణికిపోయాను. ఇంగ్లండ్‌లో వార్విక్‌షైర్ పల్లెల్లో, పాతకాలపు రైతు ఇంటిని బసగా మార్చి అద్దెకిస్తున్న చోట రెండు రాత్రులున్నాను. జార్జ్ ఎలియట్ పుట్టి పెరిగిన ప్రాంతం చూడాలన్నది నా పాత కోరిక. నా పిహెచ్‌డి ఆవిడ నవలల మీదే. నాకిచ్చిన గది తలుపు మీద ‘డెయిరీ’ అని చిన్న చెక్క పలక ఉంది. చూసి ముచ్చటపడ్డాను. రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా కాళ్లు వెచ్చబడలేదు. పొద్దున ఇంటావిడతో చెబితే నవ్వేసింది. చల్లగా ఉండటానికే కదా ఆ గది కట్టింది, అంది.

ఆమె వెంట ఆవరణంతా తిరిగాను. ఎర్ర ఇటుకల ఇల్లు, వెనక నలుచదరపు వాకిలి, చుట్టూ కొట్టాలు. అన్నిటికంటే పెద్దది ధాన్యపు కొట్టు. దానికి ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు. వాటి మధ్య నేలే కళ్లం. రెండు తలుపులూ తీస్తే గాలి సూటిగా వీస్తుంది, తూర్పారబట్టుకోవచ్చు. వానలెక్కువ కాబట్టి కళ్లాన్ని కప్పు కిందికి తెచ్చుకున్నారన్నమాట. గింజల గాదెను పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద ఎత్తి కట్టారు, ఎలుకలు ఎక్కకుండా. గొడ్లసావిడి, గుర్రాలసాల, పందులదొడ్డి. పందులదొడ్డి పాలగదికి దగ్గర్లోనే ఎందుకుందో ఇంటావిడే చెప్పింది. జున్ను చేయగా మిగిలిన విరుగుతేట పందులకే పోసేవారట. ఆ బరువు మోసేది ఆడవాళ్లు.

ఇంగ్లండ్ పాత కట్టడాల గురించి పుస్తకాల్లో ధాన్యపు కొట్లకు పేజీలకు పేజీలుంటాయి. లండన్ పక్కన హార్మండ్స్‌వర్త్‌లో 1426 నాటి కొట్టు ఉంది, 58 మీటర్ల పొడవు. దాని కప్పు కింద నిలబడితే చర్చిలో నిలబడినట్టే అనిపిస్తుందంటారు. పాలగదికి మాత్రం ఒకటో రెండో వాక్యాలు.

నిజానికి ఎంత ఆలోచించి కట్టిన గది అది! ఇంటికి ఉత్తరం పక్కన, ఎండ తగలకుండా. కొన్నిచోట్ల నేలను బయటికంటే ఒకటి రెండు మెట్లు దించేవారు. కిటికీకి అద్దం బదులు చెక్క పట్టీలో, తీగల జల్లెడో. గోడ వెంబడి రాతి బల్ల. దాని మీద వెడల్పాటి లోతులేని పళ్లేల్లో పాలు పోసి ఉంచితే మీగడ పైకి తేలుతుంది. మనం పాలను పిడకల దాలి మీద ఎర్రగా కాగనిచ్చి, తోడుపెట్టి, పెరుగు చిలుకుతాం. వాళ్లు పచ్చిపాల మీద మీగడ తీసి చిలికేవారు. అందుకే మనకి దాలి, వాళ్లకి చలి. జున్నుగది చాలా ఇళ్లలో పై అంతస్తులో ఉండేది. బరువైన జున్ను చక్రాలను మెట్లెక్కించి, రోజూ తిరగెయ్యాలి.

1696 నుంచి 1851 దాకా ఇంగ్లండ్‌లో కిటికీల మీద పన్ను ఉండేది. పాలగది, జున్నుగది కిటికీలకు మినహాయింపు. అయితే అది ఏ గదో పైన రాసి ఉండాలి. నా తలుపు మీది పలక కొత్తదే, అలంకారానికి తగిలించింది. ఒకప్పుడు ఆ మాట రాయించుకున్నది మాత్రం పన్నులశాఖ. ఆ మాటకీ ఒక కథ ఉంది. ‘డే’ అంటే పాత ఇంగ్లీషులో పనిచేసే ఆడమనిషి. అంతకుముందు రొట్టెల పిండి పిసికే మనిషి. ఆమె పనిచేసే చోటు డెయిరీ. ఇప్పుడు డెయిరీ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది ఆడమనిషేనా?

1784లో జోసయ్యా ట్వామ్లీ అనే జున్ను వ్యాపారి జున్ను తయారీ మీద పుస్తకం వేశాడు. ఆయన కూడా ఈ వార్విక్ వాడే. పాలగది ఆడవాళ్లు తన సలహాలు చెవిన పెట్టరని అందులో వాపోతాడు. నాకైతే ఆ ఆడవాళ్ల మీదే గౌరవం కలిగింది. వాళ్లెవరూ పుస్తకం రాయలేదు. వాళ్ల విద్య చేతుల్లో ఉంది. 1870లో డర్బీషైర్‌లో జున్ను ఫ్యాక్టరీ వచ్చాక ఆ విద్య క్రమంగా పాలగది దాటిపోయింది.

మేరీ ఆన్ ఇవాన్స్, అంటే తర్వాతి జార్జ్ ఎలియట్, నెలల పిల్లగా వచ్చి 1841 దాకా ఉన్న గ్రిఫ్ హౌస్ కూడా ఎర్ర ఇటుకల ఇల్లే. 1836లో తల్లి పోయింది, మరుసటి ఏడు అక్కకు పెళ్లయింది. ఇల్లూ పాలగదీ పదిహేడేళ్ల పిల్ల మీద పడ్డాయి. 1883లో మతిల్డ్ బ్లైండ్ రాసిన జీవిత చరిత్రలో ఒక సంగతి ఉంది. ఎలియట్ ఒక చెయ్యి రెండోదానికంటే వెడల్పుగా ఉండేదట. ఆ రోజుల్లో చేసిన వెన్న, జున్ను వల్లేనని ఆవిడే కొంచెం గర్వంగా చెప్పుకునేదట. ఈ సంగతి నేను థీసిస్ రాసేటప్పుడే చదివాను. కార్డు మీద కూడా రాసుకోలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. ‘ఆడమ్ బీడ్’ (1859) లో మిసెస్ పోయిజర్ ఉంటుంది, కౌలురైతు భార్య. ముసలి జమీందారు వచ్చి, దున్నే భూమి కొంత వదిలిపెట్టి పచ్చిక బీళ్లు తీసుకోండి, పాడి పెంచుకోండి, మా ఇంటికి పాలూ వెన్నా మీరే పంపండి అంటాడు. మొగుడు తటపటాయిస్తాడు. ఆమె మాత్రం వాకిట్లోకి వెంటపడి మరీ జమీందారును దులిపేస్తుంది. మగవాళ్లిద్దరి మధ్య భూముల మార్పిడి అది. ఆమెకు మాత్రం ఇంకా ఇన్ని పళ్లేలు, ఇంకా ఇంత చిలకడం. ఆ నోటి దురుసుకు ఇల్లూ పొలమూ పోయే ప్రమాదం ఉందని తెలిసే మాట్లాడుతుంది. నా థీసిస్‌లో ఆమెకు కేటాయించింది ఒకటిన్నర పేజీ, ‘హాస్య పాత్రల చిత్రణ’ కింద. విమర్శకులందరూ అలాగే అన్నారు, నేనూ అన్నాను. వెన్న చిలికే హెట్టీని కూడా మగవాడి చూపుకు దొరికిన బొమ్మగానే చూశాను. స్త్రీవాద విమర్శ రాస్తున్నాననే అనుకున్నాను! ఆ పిల్ల చేతిలో ఉన్న పనిని నేనూ చూడలేదు.

చూడలేకపోవడానికి సాకు కూడా లేదు. మా అమ్మ తెల్లవారుజామునే కవ్వం వేసేది. ఎండెక్కితే వెన్న పడదనేది. చేతులు చన్నీళ్లలో ముంచి గాని వెన్న తీసేది కాదు. నెయ్యి అమ్మిన డబ్బులు పోపులపెట్టెలో ఉండేవి. మా పరీక్ష ఫీజులు అందులోంచే. ఊళ్లో పాలకేంద్రం పెట్టాక పాలన్నీ అక్కడికే పోయాయి, కవ్వం అటకెక్కింది. పితకడం అమ్మే, పాస్‌బుక్ నాన్న పేరు మీద. ఇదంతా కళ్లారా చూసి యూనివర్సిటీకి వచ్చినదాన్ని. ఇంగ్లీషు నవల దగ్గరికొచ్చేసరికి అదంతా గుమ్మం బయటే వదిలేశాను. అది చదువు కాదనుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, పాలగదిలో పడుకుంటున్నానని చెప్పాను.

“నేల వాలు ఎటుందే? రోజూ కడగాలిగా, నీళ్లు ఎటు పోయేవి?” అంది.

చూడలేదన్నాను. ఫోన్ పెట్టేసి మంచం పక్కన తివాచీ మూల ఎత్తాను. ఇటుకల నేల, ఉత్తరం గోడ వైపు వాలు. గోడ మొదట్లో తూము ఉంది. సిమెంటుతో పూడ్చేశారు.