సూదికి ముందు పది నిమిషాలు

"అల్లరి చేశావంటే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి సూది వేయిస్తా." ఈ మాట వినపడని ఇల్లు సూరత్‌లో ఉందనుకోను. లింబాయత్‌లో మా తెలుగిళ్లలో "సూది ఇప్పిస్త బిడ్డా" అంటారు. అడాజన్‌లో గుజరాతీ తల్లులు వాళ్ల భాషలో అదే అంటారు. అన్నం తినకపోయినా సూదే, నిద్రపోకపోయినా సూదే. ఆ పిల్లాడికి నిజంగా జ్వరం వచ్చి మా దగ్గర చేరేనాటికి, సూదంటే తప్పు చేసినవాళ్లకు పడే శిక్ష అని వాడి మనసులో నాటుకుపోయి ఉంటుంది. నేను ట్రే పట్టుకుని గదిలోకి అడుగు పెట్టగానే మొదలయ్యే ఆ ఏడుపు నొప్పిది కాదు. ఇంకా వాడి ఒంటి మీద చెయ్యే వెయ్యలేదు కదా!

మా నాన్న వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద పనిచేశారు. సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది అలా వచ్చిన పద్మశాలీ కుటుంబాలవాళ్లే. నేను మునిసిపాలిటీవారి తెలుగు మీడియం బడిలో చదివి, నర్సింగ్ పూర్తి చేసి, తాపీ నది దాటి అడాజన్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో చేరాను. టీకాలు, రక్తపరీక్షలు, సెలైన్ కోసం కాన్యులా పెట్టడం, కుట్లు పడేటప్పుడు పిల్లల పక్కన ఉండటం నా పని. బొమ్మల సంచీ కూడా ఆ పనిలో భాగమే. సిరంజి ఎంత అవసరమో అదీ అంతే అవసరమని నా నమ్మకం.

సంచీలో ముఖ్యమైనవి గుడ్డబొమ్మలు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో చీరలు కత్తిరించగా మిగిలిన చిందీ ముక్కలతో అమ్మ కుట్టిచ్చింది. ఒక బిడ్డ ఆడుకున్నాక ఉతికి ఆరేసి గానీ ఇంకో బిడ్డకు ఇవ్వను.

వానాకాలంలో వాంతులు, విరేచనాలతో ఒక నాలుగేళ్ల పాప వచ్చింది. సెలైన్ ఎక్కించాలి. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు, పది నిమిషాలు ఆగవచ్చని డాక్టర్ గారన్నారు. బొమ్మను ఒళ్లో పెట్టి, "దీనికి ఏమైంది?" అని అడిగాను. పాప కాసేపు బొమ్మనే చూసి, "కడుపునొప్పి. అల్లరి చేసింది" అంది. పక్కనున్న తల్లి తల దించుకుంది. "అల్లరి చేస్తే కడుపునొప్పి రాదురా. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి. మళ్లీ నింపుదామా?" అన్నాను. బొమ్మ చేతికి రబ్బరు పట్టీ పాపే కట్టింది. స్పిరిట్ దూదితో తుడిచి, చల్లగా ఉందని తన బుగ్గకూ ఆనించుకుంది. సూది తీసేసిన మెత్తటి కాన్యులా గొట్టాన్ని బొమ్మ చేతి మీద ఆనించి ప్లాస్టర్ అంటించింది. అప్పుడు నా మొహంలోకి చూసి, "దుఖ్‌శే?" అంది, నొప్పి పెడుతుందా అని.

ఇక్కడే పెద్దవాళ్లంతా అబద్ధం ఆడతారు. "ఏం కాదు, చీమ కుట్టినట్టే" అంటారు. సూది దిగిన మరుక్షణం ఆ అబద్ధం బయటపడుతుంది. ఇక ఆ రోజంతా మనం ఏం చెప్పినా పిల్ల వినదు. నేను "కొంచెం నొప్పి పెడుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ఏ చెయ్యి ఇస్తావు?" అన్నాను. పాప కుడిచెయ్యి వెనక్కి దాచుకుని ఎడమచెయ్యి చాచింది. గుచ్చినప్పుడు ఏడ్చింది. చెయ్యి మాత్రం లాక్కోలేదు. నాకు కావలసింది అదే. ఏడుపు మాన్పించడం నా పని కాదు.

ఏ చెయ్యి, ఏ రంగు ప్లాస్టర్, దూది ఎవరు పట్టుకోవాలి, ఇవన్నీ బిడ్డనే అడుగుతాను. వెయ్యనా వద్దా అని మాత్రం అడగను. వద్దంటే ఆపలేనప్పుడు అడగడం మోసమే. పిల్లాడి చూపు మళ్లించి చాటుగా పొడవడాన్ని కొందరు ఆట అనుకుంటారు. నా దృష్టిలో అది ఆట కాదు. ఆటంటే జరగబోయే పనిలో బిడ్డకూ ఒక పాత్ర ఇవ్వడం.

ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. 1952లో బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక సినిమా తీశాడు. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప, అమ్మ పక్కన లేక ఎలా ముడుచుకుపోయిందో చూపించాడు. అప్పట్లో అక్కడ తల్లిదండ్రులు బిడ్డను చూడటానికి లెక్కపెట్టిన వేళలే ఉండేవి. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక ఆ కట్టుబాట్లు ఎత్తేయమంది. అమెరికాలో క్లీవ్‌లాండ్ సిటీ ఆసుపత్రిలో ఎమ్మా ప్లాంక్ 1955లోనే పిల్లల ఆట కోసం ప్రత్యేక విభాగం మొదలుపెట్టి, 1962లో ఆ అనుభవంతో పుస్తకం రాసింది. మన దగ్గర తల్లి రాత్రింబవళ్లు మంచం పక్కనే ఉంటుంది. కానీ సరిగ్గా సూది వేసే సమయానికి "మీరు బయట ఉండండమ్మా" అని పంపేస్తాం. బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ముగ్గురం అదిమిపడతాం. అమ్మ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆ క్షణంలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీకాల నొప్పి తగ్గించడం గురించి 2015లో ఇచ్చిన సూచనల్లో తల్లి ఎత్తుకుని ఉండాలనీ, చంటిబిడ్డకు పాలిస్తూ ఉండవచ్చనీ, అబద్ధపు ఓదార్పు మాటలు వద్దనీ చెప్పింది. నేను తల్లిని కూర్చోబెట్టి, బిడ్డను ఆమె గుండెకు ఆనించి, ఒక చెయ్యి మాత్రం నా వైపు రానిస్తాను. రెండో చేతితో తల్లి అడ్‌కో దడ్‌కో ఆడిస్తుంది. గుజరాతీ పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చే వేళ్ల ఆట అది. మా లింబాయత్ పిల్లలైతే కాళ్లు చాపించి కాళ్లా గజ్జా.

ఫోన్ పనికిరాదని అనను. చాలామంది పిల్లలకు కార్టూన్ ఉపయోగపడుతుంది, కాళ్లావేళ్లా పడేకంటే నయమే. అయితే ఏం జరుగుతుందో ముందు చెప్పి, తర్వాత ఫోన్ ఇవ్వాలి.

జనవరి 14 ఉత్తరాయణ్, మర్నాడు వాసీ ఉత్తరాయణ్. ఆ రెండు రోజులూ సూరత్ అంతా మిద్దెల మీదే ఉంటుంది. గాజుపొడి పూసిన మాంజా తెగ్గోసిన వేళ్లు మా దగ్గరికొస్తాయి. ఒకసారి ఆరేళ్ల పిల్లాడి చూపుడువేలికి కుట్లు పడాల్సి వచ్చింది. కుట్టు కంటే ముందు వేసే మత్తుమందు సూది బాగా మండుతుంది. సబ్బుబుడగలు ఊదమంటే వాడు మొహం తిప్పుకున్నాడు, చిన్నపిల్లల ఆటట అది. "ఇవాళ ఎన్ని పతంగులు కోశావు?" అన్నాను. వాడి కళ్లు వెలిగాయి. "కోసినప్పుడు ఎలా అరుస్తారో నాకు సరిగా రాదు, నేర్పిస్తావా?" అన్నాను. వాడు గుండెల నిండా గాలి పీల్చి "కాయ్‌పో ఛే!" అని అరిచాడు. ఊపిరి ఎక్కువసేపు బయటికి వదిలితే కండరాలు సడలుతాయి. సబ్బుబుడగలు ఊదించేదీ అందుకే. డాక్టర్ గారు సరిగ్గా ఆ అరుపుకే సూది దించారు. రెండోసారి వాడే, "ఇప్పుడు చెయ్యండి, అరుస్తున్నా" అన్నాడు. బయట కూర్చున్నవాళ్లు లోపల పండగ జరుగుతోందనుకున్నారు.

తలసేమియా పిల్లల సంగతి వేరు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి, ఏళ్ల తరబడి. వాళ్ల దగ్గర నేనే నేర్చుకుంటాను. ఒక అమ్మాయి తన నరాలను నాకంటే బాగా ఎరుగును. "ఇది పోయిన నెల వాడారు, దీన్ని వదిలెయ్యండి" అంటుంది. తిమ్మిరెక్కించే క్రీము పనిచెయ్యడానికి గంట పడుతుంది కాబట్టి వాళ్లమ్మ ఇంటి దగ్గరే రాసి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించి తీసుకొస్తుంది.

ఆటతో ప్రతిసారీ ఫలితం ఉంటుందని చెప్పను. ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకు, షాక్‌లోకి జారిన బిడ్డకు ఆటకు సమయం ఉండదు, అక్కడ వేగమే ముఖ్యం. మరోచోట చాలాసార్లు అదిమిపట్టించుకుని వచ్చిన పిల్లలు బొమ్మను కూడా విసిరికొడతారు.

పని ఎలా సాగుతోందో చూసుకోవడానికి ఒక కొలమానం ఉంది, మాట రాని పిల్లల నొప్పి కోసం 1997లో అమెరికాలో తయారుచేసిన ఫ్లాక్. మొహం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అని అయిదు అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. కేస్‌షీట్‌లో రాయడం మొదలుపెట్టాక, ఇది నర్సు సరదా కాదని డాక్టర్లకూ అర్థమైంది.

కాన్యులా గదిలో చేతులు లేని వెడల్పాటి కుర్చీ ఒకటి అడిగాను, తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకోవడానికి. అది వచ్చింది. ఇప్పుడు అడుగుతున్నది, ఆ పది నిమిషాలను డ్యూటీ చార్టులో రాయమని. ముగ్గురు కలిసి పెనుగులాడి, నరం చిట్లి, మళ్లీ రెండో చెయ్యి వెతికేసరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. చార్టులో లేకపోతే రద్దీ రోజున మొదట ఎగిరిపోయేది ఈ పది నిమిషాలే. అందుకే వానాకాలం మొదలయ్యేలోపే రాయమంటున్నాను.