ఉక్కునగరంలో దసలి రెక్కలు

జంషెడ్‌పూర్‌లో రాత్రి షికారంటే జూబ్లీ పార్కు ఫౌంటెన్లే. వానాకాలంలో అంతకంటే చవకైన వినోదం ఒకటుంది. వెన్నెల లేని ఉక్కపోత రాత్రి చూసి, డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు బల్బు వెలిగిస్తే చాలు. అరగంటలో శలభాలు, అదే మన దీపం పురుగులు, వాలడం మొదలవుతుంది. కద్మా, సోనారీల్లో చెట్లున్న ఏ ఇల్లయినా సరిపోతుంది. దల్మా అభయారణ్యానికి మాత్రం రాత్రివేళ పోకూడదు, అది ఏనుగుల ఇల్లు.

వీపు మీద పుర్రెలాంటి మచ్చ ఉన్న శలభం దొరికితే పిల్లల పండగే. ముట్టుకుంటే కీచుమంటుంది! అయినా ఈ నేల సొంత బిడ్డ దసలి పట్టు శలభమే. దేశంలో దసలి పట్టు అత్యధికంగా పండేది జార్ఖండ్‌లోనే. జంషెడ్‌పూర్‌కు ఆనుకున్న ఖర్సావాన్, చాయిబాసాలు దానికి పేరుపడ్డాయి. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు వాళ్లకూ ఇది పాత చుట్టమే. మేత కూడా అదే: ఏరుమద్ది, నల్లమద్ది ఆకులు.

మగదాని మీసాలు ఈకల్లా వెడల్పుగా ఉంటాయి, ఆడదాని వాసన పట్టేది వాటితోనే. రెక్కకో గాజు కన్ను. రెక్కలొచ్చాక ఇక తిండి లేదు, గొంగళిగా మేసిందే ఆస్తి. ఆ గొంగళ్లను కాకులు ఎత్తుకుపోకుండా గిరిజన రైతులు చెట్ల కింద కాపలా కాస్తారు. గూడు చీల్చుకుని శలభం బయటికొస్తే దారం తెగుతుంది. అందుకే విత్తనానికి ఉంచినవి తప్ప మిగతా గూళ్లలో ప్రాణిని ముందే చంపేస్తారు. అమ్మ పట్టుచీర గురించి పిల్లలు అడగబోయే ప్రశ్నకు పెద్దలు సిద్ధంగా ఉండాలి.

మరి పురుగు దీపం మీద ఎందుకు పడుతుంది? ఆశపోతుకి ఉపమానంగా దాన్ని అనాదిగా ఆడిపోసుకున్నాం. 2024లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన పరిశోధన దాన్ని నిర్దోషిగా తేల్చింది. చీకట్లో నేలకంటే ఆకాశమే కాస్త వెలుగు. వెలుగు వైపు వీపు తిప్పితే పురుగు నిటారుగా ఎగురుతుంది. పక్కనే బల్బుంటే ఆ లెక్క తప్పి, దాని చుట్టూనే తిరుగుతుంది. చిట్టెం పారబోసినప్పుడల్లా ఎర్రబడే ఆకాశం చూసి పెరిగిన ఊరికి ఈ సంగతి తెలియాల్సిందే.

2012 నుంచి ఏటా జులై చివర్లో అనేక దేశాల్లో శలభాల వారం జరుపుతున్నారు. మన వానలకు సరిగ్గా కుదిరే సమయమది. ఒక్క జాగ్రత్త: గంట చూశాక బల్బు ఆర్పేయాలి. లేకపోతే తెల్లారేసరికి దుప్పటి మీద పురుగులన్నీ గోరింకలకు ఫలహారం.